త్రాణమూ, త్రాణా – ఒక హాకీ సంచి చరిత్ర



హాకీ అనగానే మా తరంవారికి కళ్ళముందు నిలిచేది పచ్చికబయలు, ధ్యాన్‌చంద్ చేతికర్ర. కెనడాలో ఆ మాటకు విశేషణం అక్కరలేదు. అక్కడ హాకీ అంటే మంచు మీద ఆడేదే. మన హాకీని చెప్పవలసి వచ్చినప్పుడే వారు ‘ఫీల్డ్ హాకీ’ అని ప్రత్యేకిస్తారు. ఒకే పేరు రెండు సీమలలో రెండు ఆటలకు రూఢి కావడం భాషలో వింత కాదు. అయితే ఈ రెండింటికీ ఉన్న పెద్ద తేడా ఆట మొదలు కాకముందే కనబడుతుంది. మన హాకీకి ఒక కర్ర, ఒక బంతి ఉంటే చాలు. కాళ్ళకు జోళ్ళు లేని కుర్రవాడు కూడ ఆరంభించవచ్చు. మంచు హాకీ ఆరంభించాలంటే ముందుగా ఒక సంచి కావాలి. ఆ సంచి ఇంచుమించు దాన్ని మోసే పిల్లవాడంత ఉంటుంది.

పదమూడు, పధ్నాలుగేళ్ళ వయసులో ఈ ఆట నేర్వదలచిన పిల్లవాడు గాని, పిల్ల గాని ఆ సంచిలో నింపుకోవలసినవి ఇవి: స్కేట్లు, మోకాలి చిప్పనూ కాలి ముందరి ఎముకనూ కాచే షిన్‌ప్యాడ్లు, మెత్తలు కుట్టిన లాగు, మర్మావయవాలకు కాపు, భుజాలకూ రొమ్ముకూ ఒక తొడుగు, మోచేతి ప్యాడ్లు, గ్లవుజులు, మెడపట్టీ, పళ్ళకు గార్డు, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్టు. సంచిలో పట్టనిది కర్ర ఒక్కటే. వీటిని ఏ కొలతకు ఎంచుకోవాలో చెప్పే వ్యాసాలు ఇంగ్లీషులో కొల్లలు. ఇవి ఈ సంచిలోకి ఎలా వచ్చి చేరాయో తెలుసుకుంటే ఎంపిక మరింత సుబోధమవుతుందని నా నమ్మకం. ఈ టపా ఉద్దేశం అదే.

మన ప్రాచీన వాఙ్మయంలో ఈ వస్తువులకు పేర్లు లేకపోలేదు. తలకు శిరస్త్రాణం, రొమ్ముకు ఉరస్త్రాణం, పిక్కలకు జంఘాత్రాణం, వేళ్ళకు అంగుళిత్రాణం. అన్నింటి చివరా ఉన్న ‘త్రాణం’ అనే మాటకు కాపాడడం అని అర్థం. ఆ మాటే తెలుగులోకి వచ్చి ‘త్రాణ’ అయింది, అర్థం మారింది. “లేచి నిలబడే త్రాణ లేదు” అని మన ఇళ్ళలో పెద్దవారు అన్నప్పుడు అది రక్షణ కాదు, సత్తువ. సంస్కృతంలో కాపు, తెలుగులో బలం. ఈ రెండూ ఒకే మాట కడుపున పుట్టిన సంగతిని మన భాష గుర్తుంచుకుంది. మంచు హాకీ లోకం మాత్రం సుమారు ఒక శతాబ్దంపాటు ఈ రెండింటినీ పగవాళ్ళుగా చూసింది. త్రాణం తొడిగినవాడికి త్రాణ లేదని ఎగతాళి చేసింది. ఆ ఎగతాళికి చెల్లించిన మూల్యమే ఈ సంచి చరిత్ర.

మొదట కాళ్ళ సంగతి. మంచు మీద జారడానికి మనిషి మొదట వాడినది ఇనుము కాదు, ఎముక. ఉత్తర ఐరోపాలో గుర్రాల, పశువుల కాలి ఎముకలను అడుగున చదును చేసి పాదాలకు కట్టుకునేవారు. 1170లలో విలియం ఫిట్జ్‌స్టీఫెన్ అనే ఆయన లండను నగరాన్ని వర్ణిస్తూ ఈ ముచ్చట రాశాడు. నగరానికి ఉత్తరాన ఉన్న చిత్తడినేల గడ్డకట్టినప్పుడు కుర్రవాళ్ళు జంతువుల కాలి ఎముకలను మడమల కింద కట్టుకుని, ఇనుప మొన ఉన్న కర్రలతో మంచును పొడుచుకుంటూ పక్షివేగంతో పోయేవారట. అంతటితో ఆగక ఎదురెదురుగా వచ్చి ఆ కర్రలతోనే ఢీకొనేవారట. చేతులో కాళ్ళో విరిగేవనీ, పడినప్పుడు తల ఎక్కడ మంచుకు తగిలితే అక్కడ చర్మం లేచిపోయేదనీ కూడ ఆయనే చెప్పాడు. అంటే, మంచుమీది కుర్రకారు ఆటకు మనకు దొరికే తొలి వర్ణనలలోనే తలకు తగిలిన దెబ్బ ఉన్నది. ఆ తలకు కాపు రావడానికి మరి ఎనిమిది వందల ఏళ్ళు పట్టింది.

ఎముకకు ఒక లోపం ఉంది. అది జారుతుంది గాని, మంచును కొరకదు. అడుగు నున్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి కాలితో పక్కకు తన్ని ముందుకు పోవడం సాధ్యం కాదు, ఊతకర్రతో తోసుకోవలసిందే. నెదర్లాండ్సులో కాలువలు గడ్డకట్టే ప్రాంతాలవారు మధ్యయుగాల చివరి భాగంలో చెక్క అడుగున ఇనుప బద్ద అమర్చి, దానికి అంచు తీశారు. అంచు మంచును పట్టుకుంది. కాలిని ఏటవాలుగా తన్నితే దేహం ముందుకు పోయింది. ఊతకర్ర అవసరం తీరింది. ఇది చిన్న మార్పుగా కనబడవచ్చు. కాని చేతులలో ఊతకర్ర ఉన్నంతకాలం ఆటకర్రకు చోటు లేదు. హాకీ పుట్టడానికి చేతులు ఖాళీ కావాలి. వాటిని ఖాళీ చేసినది ఆ ఇనుప అంచు.

ఆ సీమలోనే ఒక బాలిక కథ ఉంది. స్కీడామ్ అనే ఊళ్ళో లిడ్వినా అనే పిల్ల 1395–96 శీతకాలంలో, తన 15వ ఏట, మంచు మీద పడి పక్కటెముక విరగగొట్టుకుంది. ఆ తరువాత ఆమె కోలుకోలేదు. జీవితమంతా మంచాన గడిపింది. క్రైస్తవులు ఆమెను పుణ్యస్త్రీగా కొలిచారు, స్కేటింగు చేసేవారికి రక్షకురాలిగా భావించారు. 1498లో అచ్చయిన ఆమె చరిత్రలో, ఆమె పడిపోయిన దృశ్యాన్ని చూపే కొయ్య అచ్చు బొమ్మ ఒకటి ఉంది. స్కేటింగును చూపే అత్యంత ప్రాచీన ముద్రిత చిత్రాలలో అది ఒకటి. పతనంతో మొదలైన చిత్రచరిత్ర అన్నమాట.

తరువాతి కొన్ని శతాబ్దాలు స్కేటు అంటే చెక్కపలక, దాని కింద ఇనుము, పైన తోలు పట్టీలు. మామూలు బూటుకే దాన్ని కట్టుకునేవారు. మడమలోకి మర బిగించేవారు. ఆటమధ్యలో పట్టీ వదులయ్యేది, మర ఊడేది. 1850 ప్రాంతంలో ఫిలడెల్ఫియాలో బుష్నెల్ అనే ఆయన మొత్తం ఉక్కుతో, బూటును కరిచిపట్టే బిగింపులతో స్కేటు చేశాడు. 1860లలో కెనడా తూర్పుతీరాన నోవాస్కోషియాలోని డార్ట్‌మౌత్‌లో స్టార్ కంపెనీ తరఫున జాన్ ఫోర్బ్స్ దాన్ని మెరుగుపరిచి, ఒక మీటను నొక్కితే బూటుకు బిగుసుకునే స్కేటు తెచ్చాడు. ‘ఏక్మీ’ అనే పేరుతో అది దేశదేశాలకు పోయింది. పరుగుమధ్యలో హఠాత్తుగా ఆగి, తిరిగి, ఎదుటివాడిని తప్పించుకునే ఆటకు కాలికి ఊడని స్కేటు కావాలి. ఆ సౌకర్యం వచ్చిన పదేళ్ళకు, 1875 మార్చి 3న, మాంట్రియల్‌లోని విక్టోరియా స్కేటింగ్ రింకులో, జట్టుకు తొమ్మిదిమంది చొప్పున, బంతికి బదులు చదునైన చెక్కబిళ్ళతో, నేటి ఆటకు మాతృక అనదగిన పోటీ జరిగింది. దాన్ని నడిపించిన జేమ్స్ క్రైటన్ కూడ నోవాస్కోషియావాడే. ఆ రోజులలో పేరుపొందిన కర్రలను ఆ సీమ ఆదివాసులైన మిక్‌మా జనులు గట్టి చెట్ల వేరుమొదలు నుంచి, సహజంగా ఉన్న వంపు చెడకుండా చెక్కేవారు. ఆ పేరునే గుర్తుగా పెట్టి కంపెనీలు వాటిని అమ్ముకున్నాయి. చెక్కిన చేతుల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

బూటూ బ్లేడూ ఒకటి కావడం తరువాతి ఘట్టం. 1899లో సైకిళ్ళ తయారీకి పుట్టిన సీసీఎం అనే కంపెనీ 1905 ప్రాంతంలో, తన కార్ఖానాలో మిగిలే ఉక్కుతో స్కేటు బ్లేడ్లు చేయడం మొదలుపెట్టింది. అదే కాలంలో మానిటోబాలోని బ్రాండన్ పట్టణంలో జార్జ్ టాకబెరీ అనే చెప్పులు కుట్టే ఆయన, జో హాల్ అనే ఆటగాడు తన బూట్లు ఒక్క సీజను కూడ నిలవడం లేదని మొరపెట్టుకోగా, చీలమండను గట్టిగా పట్టే బూటును కంగారూ తోలుతో కుట్టి ఇచ్చాడు. 1937లో ఆయన పోయిన తరువాత ఆ బూటు హక్కులు సీసీఎం కొన్నది. ‘టాక్స్’ అనే పేరులో ఆ చెప్పులు కుట్టే ఆయన నేటికీ మిగిలి ఉన్నాడు. 1927లో ఆంటారియోలోని కిచెనర్‌లో బావర్ కుటుంబంవారు బ్లేడును బూటుకు శాశ్వతంగా బిగించి ఒకే వస్తువుగా అమ్మసాగారు. 1970లలో ఉక్కు గొట్టాల స్థానంలో ప్లాస్టిక్ పట్టు వచ్చి స్కేటు తేలికైంది.

ఇంత చరిత్రా కొత్తగా నేర్చేవాడికి చెప్పే పాఠం ఒక్కటే: బ్లేడు కంటె బూటు ముఖ్యం, బూటు కంటె అది పాదానికి కుదరడం ముఖ్యం. మన వ్యాకరణంలో సంధి వంటిది ఇది. రెండు పదాలు కలిసి ఒకే ఊపిరిలో పలకాలి; మధ్యలో ఖాళీ ఉండరాదు. హాకీ స్కేటు సాధారణంగా మామూలు జోడు కంటె ఒకటి, ఒకటిన్నర సైజు తక్కువ ఉంటుంది. నిలబడినప్పుడు బొటనవేలు ముందుకొనను తాకీతాకనట్టు ఉండాలి. మోకాళ్ళు వంచినప్పుడు కొంచెం వెనక్కి రావాలి. మడమ లోపల పైకి లేవకూడదు. అన్నింటికన్నా గుర్తుంచుకోవలసినది, “ఎదిగే పిల్లవాడు గదా, వచ్చే ఏడుకు కూడ పనికివస్తుంది” అని రెండు సైజులు పెద్దవి కొనరాదు. పండుగకు కుట్టించే చొక్కాకు చెల్లే ఈ తర్కం స్కేటుకు చెల్లదు. వదులు బూటులో చీలమండ లోపలికి ఒరుగుతుంది, అంచు మంచును పట్టదు. పిల్లవాడు తన కాళ్ళలో బలం లేదనుకుంటాడు. లోపం కాళ్ళలో కాదు, కొలతలో.

బ్లేడు అడుగు చదునుగా ఉండదనే సంగతి చాలామందికి తెలియదు. సానపట్టే రాయి దాని పొడుగునా సన్నని గాడి చేస్తుంది; ఆ గాడికి ఇరుపక్కలా రెండు అంచులు నిలుస్తాయి. గాడి లోతైతే అంచు బలంగా కొరుకుతుంది, కాని జారడం తగ్గుతుంది, ఆగడం కష్టమవుతుంది. తక్కువ లోతైతే జారుడు హెచ్చు, ఆగడం సులువు. గాడిని రాయి వంపు వ్యాసార్ధంతో కొలుస్తారు. సాధారణంగా అర అంగుళం; అంకె పెరిగినకొద్దీ గాడి లోతు తగ్గుతుంది. కొత్తవారికి అర అంగుళం గాని, అంతకు కొంచెం ఎక్కువ అంకె గాని చాలు. కొన్న కొత్త స్కేటుకు సాధారణంగా అంచు ఉండదు. సానపట్టించకుండా రింకులో దిగితే ఎముక కట్టుకున్న లండను కుర్రవాడి గతే.

ఇక పేదరికం సంగతి. ఈ ఆట మహామహులలో ఒకడైన గార్డీ హోవ్ 1928లో సస్కాచువాన్ ప్రాంతంలోని ఫ్లోరల్ అనే పల్లెలో పుట్టి, పక్కనున్న సస్కటూన్‌లో ఆర్థిక మాంద్యపు రోజులలో పెరిగాడు. కష్టాలలో ఉన్న ఒక పొరుగింటామె పాతసామాను నింపిన గోనెసంచి తెచ్చి ఇస్తే, వాళ్ళమ్మ ఇంట్లో ఉన్న కొద్ది డబ్బు ఆమె చేతిలో పెట్టింది. సంచి బోర్లిస్తే అందులో ఒక స్కేట్ల జత ఉంది. గార్డీ ఒక స్కేటు, అతని తోబుట్టువు ఒక స్కేటు తీసుకుని ఒంటికాలితో మంచు మీద జారారు. తరువాత రెండోది కూడ అతనికి దక్కింది. అవి పెద్దవి, లోపల మేజోళ్ళు దట్టించి తొడుక్కున్నాడు. కాళ్ళకు ప్యాడ్లు లేని ఆనాటి పిల్లలు పాత పత్రికలను, అంగళ్ళవారు పంచే లావుపాటి కేటలాగులను పిక్కల ముందు పెట్టి కట్టుకునేవారు. అక్షరానికి అటువంటి వినియోగం కూడ ఉందని ఒక పంతులుగా నాకు కొంత సంతోషమే.

కాలికి కేటలాగైనా కట్టుకున్న ఆ సమాజం తలను మాత్రం గాలికి వదిలింది. 1933 డిసెంబరు 12న బోస్టన్‌లో ఎడ్డీ షోర్ వెనకనుంచి కూలదోయగా ఏస్ బెయిలీ అనే టొరంటో ఆటగాడి తల మంచుకు కొట్టుకుని కపాలం చిట్లింది. రెండు శస్త్రచికిత్సలతో ప్రాణం నిలిచింది, ఆట ముగిసింది. 1934 ఫిబ్రవరి 14న అతని సహాయార్థం జరిగిన పోటీలో ఇద్దరూ మంచు మీద చేతులు కలిపారు. ఆ తరువాత షోర్ హెల్మెట్టు పెట్టుకున్నాడు గాని తక్కినవారిలో ఎక్కువమంది పెట్టుకోలేదు. 1950 మార్చి 28న మనం పైన చెప్పుకున్న గార్డీ హోవ్‌కే తలకు పెద్ద దెబ్బ తగిలి, మెదడుపై ఒత్తిడి తగ్గించడానికి కపాలానికి రంధ్రం చేయవలసి వచ్చింది. అప్పటికి అతనికి 22 ఏళ్ళు నిండడానికి మూడురోజులు తక్కువ. అయినా లోకం మారలేదు. 1968 జనవరి 13న మిన్నెసోటా జట్టువాడు బిల్ మాస్టర్టన్ వెనక్కి పడి తల మంచుకు తగిలి, రెండురోజులకు మరణించాడు. ఎన్‌హెచ్‌ఎల్ అనే ఆ పెద్ద లీగులో ఆటలో తగిలిన దెబ్బతోనే మరణించినవాడు అతనొక్కడే. ఆ తరువాత కూడ పదకొండేళ్ళు గడిచాయి. 1979లో గాని హెల్మెట్టు నిబంధన రాలేదు. అది కూడ కొత్తగా వచ్చేవారికే. పాతవారు కావాలంటే వట్టితలతో ఆడవచ్చునన్నారు. అలా ఆడిన చివరివాడు క్రెయిగ్ మాక్‌టావిష్ 1997లో విరమించాడు.

ముఖానికి మాస్కు కథ ఇంకా విచిత్రం. గోలును కాచే గోలీ వైపు ఆ గట్టి రబ్బరుబిళ్ళ దూసుకువస్తుంది. అతని పనే దాని ముందు నిలబడడం. 1927లో క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ గ్రాహమ్ అనే విద్యార్థిని కత్తిసాము చేసేవారు పెట్టుకునే జాలీ మాస్కు తొడిగి గోలులో నిలిచింది. 1930లో మాంట్రియల్ మరూన్స్ జట్టు గోలీ క్లింట్ బెనెడిక్ట్, ముక్కు చితికిన తరువాత, తోలు మాస్కుతో కొన్నాళ్ళు ఆడాడు. చూపుకు అడ్డు వస్తోందని తీసేశాడు. ఒక ఆడపిల్ల ముందే కనుగొన్న తెలివి మగవారి లీగులో నిలవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. 1959 నవంబరు 1న న్యూయార్కులో ఆండీ బాత్‌గేట్ కొట్టిన బిళ్ళ మాంట్రియల్ గోలీ జాక్ ప్లాంట్ ముఖాన్ని చీల్చింది. కుట్లు వేయించుకుని వచ్చిన ప్లాంట్, ఫైబర్‌గ్లాసుతో చేసిన తన అభ్యాసపు మాస్కు పెట్టుకోనిస్తేనే మంచు మీదికి వస్తానన్నాడు. శిక్షకుడు టో బ్లేక్‌కు అది ఇష్టం లేదు. మాస్కు తొడిగితే పట్టుదల సడలుతుందని అతని భయం. కాని ఆ రోజులలో జట్టుకు రెండో గోలీ ఉండేవాడు కాదు. ఒప్పుకోక తప్పలేదు. ఆ ఆట మాంట్రియల్ 3–1తో గెలిచింది. ఆపైన వరసగా అనేక ఆటలలో ఓటమి ఎరగలేదు. 1960 మార్చిలో ఒకనాడు బ్లేక్ మాట మన్నించి ప్లాంట్ మాస్కు లేకుండా ఆడాడు. జట్టు 3–0తో ఓడింది. మాస్కు తిరిగి వచ్చింది, ఇక పోలేదు. ఆ ఏడు స్టాన్లీ కప్పూ వారిదే. “నీకు భయమా?” అనే ప్రశ్నకు అంతకంటె మంచి జవాబు ఉండదు.

పెద్దవారి కథలు ఇవి. పిల్లల కళ్ళ గురించి పట్టించుకున్నవాడు టొరంటో నేత్రవైద్యుడు టామ్ పాష్‌బీ. ఆయన తోటి కంటివైద్యుల నుంచి లెక్కలు సేకరించాడు. 1974–75 సీజనులో కెనడాలో హాకీవల్ల 257 కంటిగాయాలు నమోదు కాగా, వాటిలో 43 కళ్ళు చూపు కోల్పోయాయి. గాయపడినవారిలో ఎక్కువమంది పిల్లలే. ఆయనా, ఆయన తోటివారూ పోరి, ముఖరక్షణకు ప్రమాణాలు ఏర్పరిచారు. 1970ల చివరికి కెనడా పిల్లల హాకీలో ముఖమంతా కప్పే జాలీ తప్పనిసరి అయింది. ప్రమాణముద్ర ఉన్న పూర్తి జాలీ ధరించిన పిల్లలలో కళ్ళు పోవడం దాదాపు ఆగిపోయింది. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనబడే విజయం ఇదే; దీనికి కప్పు లేదు, ఊరేగింపు లేదు. చూపుతో పెరిగిన పిల్లలకు, తమకు ఏమి తప్పిందో తెలియను కూడ తెలియదు. పెద్ద లీగులో మాత్రం, సగం ముఖం కప్పే అద్దం కొత్త ఆటగాళ్ళకు తప్పనిసరి అయినది 2013లో.

మెడ అన్నిటికన్నా చివర వచ్చింది. దుర్యోధనుడి ఒళ్ళంతా తల్లి చూపుతో వజ్రమై, కప్పుకున్న తొడ ఒక్కటే మిగిలిపోయిందని జనంలో ఒక కథ ఉంది. వ్యాసభారతంలో అది లేదు గాని, అందులోని ఎరుక నిజమైనది: దెబ్బ వెతుక్కునేది కాపు లేని చోటునే. 1989 మార్చి 22న బఫెలోలో గోలీ క్లింట్ మాలార్చుక్ మెడను ఎదుటి ఆటగాడి స్కేటు కోసింది. ఒకప్పుడు సైన్యంలో వైద్యసహాయకుడుగా పనిచేసిన జట్టు ట్రైనరు పరుగున వచ్చి తెగిన రక్తనాళాన్ని వేళ్ళతో అదిమిపట్టి ప్రాణం నిలిపాడు. 2023 అక్టోబరు 28న ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆడమ్ జాన్సన్‌కు ఆ అదృష్టం లేకపోయింది. మెడకు స్కేటు తగిలి, 29వ ఏట మరణించాడు. ఆ తరువాత అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన పోటీలన్నింటిలో మెడరక్షణ తప్పనిసరి చేసింది. అమెరికాలో పిల్లల హాకీకి 2024 ఆగస్టు నుంచి ఆ నిబంధన వచ్చింది. కెనడా పిల్లలకు అది అంతకుముందే ఉన్నది. మంచును కొరకడానికి శతాబ్దాలపాటు పదును పెట్టుకున్న అంచే మనిషిని కూడ కోయగలదని అంగీకరించడానికి ఇంతకాలం పట్టింది.

మా మనవడు పోయిన ఏడు, తన పధ్నాలుగో ఏట, కెనడాలో ఈ ఆట మొదలుపెట్టాడు. నిబంధన ఉంది గనుక మెడపట్టీ పెట్టుకుంటున్నాడు గాని, “టీవీలో ఆడే పెద్దవాళ్ళు చాలామంది పెట్టుకోరు గదా, తాతయ్యా” అని ఫోనులో అడిగాడు. వాడికి నేను చెప్పినది ప్లాంట్ కథే. పెద్దవాళ్ళు పెట్టుకోనంత మాత్రాన అది పెద్దరికం కాదు. వాళ్ళకంటె ముందటివాళ్ళు హెల్మెట్టూ పెట్టుకోలేదు, మాస్కూ పెట్టుకోలేదు. ప్రతి తరంలోనూ సంచిలో ఒక వస్తువు తక్కువగానే ఉంది. ఆ తక్కువైనదేమిటో ఎవడో ఒకడు పడిపోయాకనే తెలిసింది.

మన దేశంలో ఈ ఆటకు చిరునామా లడఖ్. 1970ల మొదలులో లేహ్ ప్రాంతపు గడ్డకట్టిన చెరువుల మీద సైనికులతో మొదలై అది ఊరివారికి అంటుకుంది. స్కేట్లు దొరకని వారు సైనికుల బూట్లకే ఇనుపబద్దలు బిగించుకుని ఆడారు. అంటే డార్ట్‌మౌత్‌కు ముందటి కాలాన్ని వారు మళ్ళీ తమ చేతులతో దాటారు. భారత మహిళల జట్టు తొలి అంతర్జాతీయ పోటీ ఆడినది 2016లో, తైపేలో. వారిలో చాలామందికి సొంత సామగ్రి లేదు. అరువు తెచ్చుకున్నవీ, ఇతర ఆటలకు చేసినవీ తొడుక్కుని తయారయ్యారు. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద 4–3తో తొలి విజయం సాధించారు. 2018 జనవరిలో కెనడా మహాక్రీడాకారిణి హేలీ వికెన్‌హైజర్ సామగ్రి సంచులతో లడఖ్ వచ్చి ఆ పిల్లలతో ఆడింది. 2025లో జరిగిన ఆసియా కప్పులో ఆ జట్టు కంచుపతకం తెచ్చుకుంది. సంచి అందిన చోట ఏమవుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అన్నీ కొత్తవి కొనే స్తోమత అందరికీ ఉండదు; ఉండనక్కరలేదు కూడ. షిన్‌ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, లాగు, భుజాల తొడుగు వాడినవైనా కుట్లు చెడకుండా ఉంటే చాలు. పిల్లలు త్వరగా ఎదుగుతారు కాబట్టి మంచివే చవకగా దొరుకుతాయి. షిన్‌ప్యాడు మధ్యగిన్నె మోకాలి చిప్ప మీద సరిగా కూర్చోవాలి, కింది కొస స్కేటు దగ్గరకు రావాలి. లాగుకూ ప్యాడ్లకూ మధ్య, గ్లవుజుకూ మోచేతికీ మధ్య ఖాళీ ఉండకూడదు. కర్రను స్కేట్లు తొడిగి నిలబడి చూసుకుంటే గడ్డం దగ్గరకు వస్తే చాలు. పెద్దవాడి కర్రను సగం కోసి ఇస్తే అది వంగదు. వాడిన స్కేట్లు కూడ పాదానికి కుదిరి, చీలమండ దగ్గర మెత్తబడకుండా, బ్లేడులో ఉక్కు మిగిలి ఉంటే కొనవచ్చు. హెల్మెట్టు, ముఖజాలీ, మెడపట్టీ మాత్రం ప్రమాణముద్ర చూసి కొత్తవే కొనాలి. పాత హెల్మెట్టు లోపల పగులు పైకి కనబడదు. అది ఎన్ని దెబ్బలు తిన్నదో అది చెప్పదు. డబ్బు తక్కువైతే స్కేటులో తగ్గించుకోవచ్చు, కర్రలో తగ్గించుకోవచ్చు. మెడకు పైన తగ్గించరాదు.

ఆ సంచిని భుజానికెత్తుకున్నప్పుడు పిల్లవాడికి బరువుగానే ఉంటుంది. ఆ బరువులో బెయిలీ కపాలం, ప్లాంట్ ముఖం, పేరు తెలియని 43 కళ్ళు, షెఫీల్డ్ మంచు మీద ఒలికిన నెత్తురు ఉన్నాయి. అది మోసేవాడికి త్రాణ రావాలని మరొకరు ముందుగా కట్టిపెట్టిన త్రాణం.

అమెరికా, కెనడాలలో పిల్లలను తెల్లవారుజామున రింకులకు తీసుకుపోయే తెలుగు తల్లిదండ్రులు ఈ చదువరులలో ఉంటే, తమ అనుభవాన్ని నాలుగు మాటలు రాయవలసిందిగా కోరుతున్నాను. మన భాషలో ఈ ఆటను గురించి రాసినవి తక్కువ. ఉన్నదానికి కలిపితే తరువాత వచ్చేవారికి పనికివస్తుంది.

శెలవు.